స్నేహ కాలుష్యం

ఈ ఏటి సమ్మిళిత సమాజ మహాపురస్కారం మా విద్యాపీఠంలోని ఆచార్యులవారికి దక్కిందని తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాం. పద్నాలుగేళ్ల పిల్లతో తోటిపిల్లలెవరూ మాట్లాడకపోతే ఆ పిల్ల బాధపడుతుందని వారు ఏళ్ల తరబడి తపస్సు చేసి కనుక్కున్నారు. ఈ సంగతి ఇంతకుముందు లోకానికి తెలియదు. అమ్మలకూ అమ్మమ్మలకూ ఎప్పుడో తెలుసని గిట్టనివాళ్లు సన్నాయి నొక్కులు నొక్కుతున్నారు. తెలిస్తే తెలిసి ఉండవచ్చు. కానీ వాళ్లలో ఒక్కరి దగ్గరైనా రంగుల్లో అచ్చేసిన మెదడు బొమ్మ ఉందా? ఆచార్యులవారి దగ్గర ఉంది.

సమ్మిళితం అనే మాట విని కంగారు పడకండి. ఎవరినీ వెలివేయకుండా నలుగురినీ కలుపుకుపోవడాన్ని మామూలు మనుషులు మంచితనం అంటారు. దానికి ఒక సంచాలకుడూ, ఒక కార్యాలయమూ, గోడమీద ఒక చిహ్నమూ ఏర్పడ్డాక సమ్మిళితం అంటారు. మా దగ్గర దానికి ప్రత్యేక భవనమే ఉంది. అందులోకి అందరినీ రానివ్వరు. మెడలో కార్డు ఉండాలి.

నేను ఆ భవనంలో ప్రశంసాపత్రాలు రాస్తాను. అదే నా ఉద్యోగం. ఎవరికి ఏ విశేషణం అతుకుతుందో చూసి అంటించడమే పని. ఏమీ చెయ్యనివాళ్లకు 'నిరాడంబరులు' అని రాస్తాను. ఏదో ఒకటి చేసి చెడగొట్టినవాళ్లకు 'సాహసి' సరిపోతుంది. చెడగొట్టి, దాని మీద పుస్తకం కూడా రాసినవాళ్లకు 'దార్శనికులు' అని దాచి పెట్టుకుంటాను. ఆచార్యులవారికి ఈసారి అదే వాడాను. వారు చదివి, పక్కన 'మహా' అని సొంత చేత్తో చేర్చి పంపారు.

ఇక పరిశోధన సంగతి. కౌమారంలో మెదడు ఎలా ఎదుగుతుంది, పదిమందీ దగ్గరకు తీసుకుంటే ఏమవుతుంది, దూరం పెడితే ఏమవుతుంది అన్నది విషయం. దీనికి ముందుగా ఒంటరి పిల్ల ఒకరు కావాలి. ఒంటరి పిల్లలకేం కొదవ, ఏ బడికెళ్లినా దొరుకుతారు కదా అని మీరనవచ్చు. అలా దొరికే ఒంటరితనం నాణ్యమైనది కాదని ఆచార్యులవారి అభిప్రాయం. ఒకడికి మాట్లాడే తాత ఉంటాడు. ఒకమ్మాయి కుక్కపిల్లకు కబుర్లు చెబుతుంది. ఇంకొకడు బస్సు కండక్టరుతో దోస్తీ కడతాడు. ఇలాంటి కల్తీ సరుకుతో శాస్త్రం ముందుకు పోదు. అందుచేత అచ్చమైన ఒంటరితనాన్ని మన ఆవరణలోనే, మన పర్యవేక్షణలోనే తయారు చేసుకోవాలని తీర్మానించారు.

విద్యాపీఠానికి సొంత హైస్కూలు ఉంది. తొమ్మిదో తరగతి 'ఏ' సెక్షన్‌ను ఎంచుకున్నారు. ఎవరిని ఒంటరి చెయ్యాలన్నది తేల్చడానికి కమిటీ కూర్చుంది. వెనక బెంచీలో ఎప్పుడూ దిగులుగా కూర్చునే పిల్లాడొకడు ఉన్నాడని ప్రిన్సిపాల్‌గారు ఆశగా చెప్పారు. ఆచార్యులవారు నవ్వారు.

"ముందే దిగులుగా ఉన్నవాణ్ని తీసుకుంటే, ఆ దిగులు మన కృషేనని రేపు ఎలా రుజువు చేస్తామమ్మా? నలుగురిలో ఇట్టే కలిసిపోయే పిల్లని చూడండి."

కమిటీ అంతా తల పంకించింది. అంత దూరం ఆలోచించేవాళ్లు కాబట్టే వారు ఆచార్యులయ్యారు.

అలాంటి పిల్ల అప్పుడే వేరే ఊరి నుంచి వచ్చి చేరింది. వయసుకు మించిన పొడవు. పొడుగమ్మాయి అనే పిలిచేవారు. వచ్చిన వారంలోనే క్లాసులో అందరి పేర్లూ, అందరి చెల్లెళ్ల పేర్లూ నోటికి పట్టేసింది. లెక్కల మాస్టారు దగ్గినట్టు దగ్గితే మాస్టారే వెనక్కి తిరిగి చూసేవారు. తల్లి బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చదివి వినిపిస్తుంది. ఇంట్లో వాళ్లిద్దరే. ప్రిన్సిపాల్‌గారు ఆమెను పిలిపించి, కుర్చీ వేయించి, చల్లగా కబురు చెప్పారు.

"మీ అమ్మాయిని ఒక ప్రత్యేక కార్యక్రమానికి ఎంపిక చేశామమ్మా. సామాజిక నైపుణ్యాల మీద. అందరికీ వచ్చే అవకాశం కాదు."

తల్లి పొంగిపోయింది. "కొత్త ఊరు కదండీ, దీనివల్ల మా అమ్మాయికి నలుగురితో కలిసే వీలు ఇంకా పెరుగుతుందంటారా?"

"అసలు ఉద్దేశమే అది కదమ్మా!" అన్నారు ప్రిన్సిపాల్‌గారు. ఆవిడ ఏనాడూ అబద్ధం ఆడరు. నిజాన్ని కూచోబెట్టే చోటు మాత్రం ఆవిడే చూసుకుంటారు. తల్లి సంతకం పెట్టి, డ్యూటీకి ఆలస్యమవుతోందని పరుగున వెళ్లిపోయింది.

మర్నాడు పొడుగమ్మాయిని వేరే గదిలో బొమ్మ గీయమని కూర్చోబెట్టి, మిగతా క్లాసుకు నియమాలు చెప్పారు. ఆ అమ్మాయి పలకరిస్తే జవాబు చెప్పకూడదు. భోజనాల దగ్గర ఆమె పక్క కుర్చీలు ఖాళీగా ఉంచాలి. ఆటల్లో చేర్చుకోకూడదు. అయితే ఏడిపించడం, వెక్కిరించడం, జుట్టు లాగడం మాత్రం ఖచ్చితంగా నిషేధం. మా బడిలో క్రమశిక్షణ ఉంది. పైగా ఏడిపించాలన్నా ముందు ఆ పిల్ల ఉన్నట్టు ఒప్పుకోవాలి. అలా ఒప్పుకోకూడదు. కిటికీ అద్దంలోంచి అవతలికి చూస్తారే, అలా చూడాలి. దీనికి పిల్లలకు వారం రోజులు సాధన చేయించారు. టీచర్లకు కూడా. హాజరు పట్టీలో ఆ పిల్ల పేరు దగ్గర టిక్కు పెడతారు, నోటితో పిలవరు. నియమం తప్పని పిల్లలకు 'సహకారం' కింద మార్కులు వేస్తారు.

తల్లిదండ్రులకు చెప్పకుండా ఇవన్నీ చేశారని ఎవరైనా అంటే అది శుద్ధ అబద్ధం. ఆ ఒక్క తల్లికి తప్ప అందరికీ చెప్పారు. ఆమె డ్యూటీలో ఉన్న పూట చూసి మరీ సమావేశం పెట్టారు. ఆ సమావేశంలో ఒక తండ్రి లేచి, "ఇది తప్పు కాదా అండీ?" అని అడిగాడు. వేదిక మీద అందరికీ ముచ్చెమటలు పోశాయి. ఆయనే మళ్లీ గొంతు సవరించుకుని, "అంటే నా ఉద్దేశం, ఈ సహకారం మార్కులు ఫైనల్లో కలుస్తాయా, కలవవా?" అన్నాడు. కలుస్తాయన్నారు. ఆయన నమస్కారం పెట్టి కూర్చున్నాడు. తరవాత ఎవరికీ సందేహాలు రాలేదు.

పొడుగమ్మాయిని అప్పుడప్పుడూ స్కానర్‌లో పడుకోబెట్టేవారు. పెద్ద గుండ్రటి గొట్టం లాంటి యంత్రం అది. లోపల కళ్ల ముందు చిన్న తెర. తెరమీద ముగ్గురు బంతాట ఆడుతుంటారు, అందులో ఒకరు ఈ పిల్ల. మొదట బంతి తనకూ వస్తుంది. కాసేపటికి మిగతా ఇద్దరూ వాళ్లలో వాళ్లే విసురుకోవడం మొదలుపెడతారు. ఆ పిల్ల బొటనవేలు బటన్ మీద పెట్టుకుని ఎదురుచూస్తుంది. అప్పుడు మెదడులో ఒకచోట ఎర్రగా వెలుగుతుంది. గాజు పెంకు గుచ్చుకుంటే వెలిగే చోటూ ఇంచుమించు అదేనట. మొదటిసారి ఆ ఎరుపు కనబడిన రోజు ల్యాబులో కేకు కోశారు. యంత్రంలోంచి బయటకొచ్చిన పిల్లకు కూడా ఒక ముక్క పెడదామని ఎవరో అన్నారట గానీ, నియమాలు అడ్డొచ్చాయి.

"నీకేమనిపించింది?" అని అడిగింది పరిశోధక విద్యార్థిని. ఆచార్యులవారి దగ్గర డాక్టరేటు కోసం చేరి, వారి బ్యాగు మోస్తున్న అమ్మాయి.

"ఏం లేదక్కా. వాళ్లు నన్ను చూసుకోలేదేమో."

ఆ జవాబును 'నమూనా సహనశీలత సంతృప్తికరం' అని రాసుకున్నారు. అక్కా అని పిలవకూడదని ఆ పిల్లకు మెత్తగా చెప్పారు.

పని ఇలా సజావుగా సాగుతుండగా, ఒకరోజు స్కానర్‌లో ఎరుపు తగ్గింది. మరోసారి తీశారు. ఇంకా తగ్గింది. ఆచార్యులవారి గుండెల్లో రాయి పడింది. పురస్కారానికి దరఖాస్తు అప్పటికే వెళ్లిపోయింది. యంత్రం పాడైందన్నారు. కంపెనీవాళ్లను పిలిపించి లోపలా బయటా విప్పించారు. చివరికి పరిశోధక విద్యార్థినే భయపడుతూ చెప్పింది.

"మెషిన్ బాగానే ఉంది సార్. పిల్లే బాగుంది."

"బాగుండటమేమిటి? ఎందుకు బాగుంటుంది? ఎవరినడిగి బాగుంది?" అని ఆచార్యులవారు టేబుల్ మీద గుద్దారు.

విచారణలో తేలింది ఇది. అదే క్లాసులో కళ్లద్దాల పిల్ల ఒకతి ఉంది. పళ్లకు కట్టిన తీగ ఊడి లోపలి బుగ్గకు గుచ్చుకుంటుంటే, బాత్రూంలోకి వెళ్లి ఏడుస్తోంది. పొడుగమ్మాయి చూసి, "నోరు తెరువు" అంది. తలలోంచి పిన్ను తీసి, దాంతో తీగ కొన వంచి పెట్టింది. నోరు తెరిచి ఉన్నప్పుడు మాట్లాడటం కుదరదు కాబట్టి అంతవరకూ నియమం ఉల్లంఘన కాలేదు. నోరు మూసుకున్నాక "థాంక్సే" అంది కళ్లద్దాల పిల్ల. అక్కడ మొదలైంది. ఆ బడి మొత్తంలో కెమెరా లేని చోటు బాత్రూం ఒక్కటే. రోజూ అక్కడే, పక్కపక్క తలుపుల వెనక నిలబడి ఒకరికొకరు కనబడకుండా కబుర్లు చెప్పుకునేవారు. లెక్కల మాస్టారి దగ్గు బయటి నడవలోకి వినబడుతోందని ఆయా ఫిర్యాదు చేస్తే తప్ప విషయం బయటపడలేదు.

అత్యవసర సమావేశం జరిగింది. అందులోనే 'స్నేహ కాలుష్యం' అనే పదాన్ని ఆచార్యులవారు ప్రపంచానికి అందించారు. నియంత్రిత వాతావరణంలోకి అనుమతి లేకుండా చొరబడిన స్నేహమని దాని నిర్వచనం. నివారణ చర్యలు వెంటనే చేపట్టారు. కళ్లద్దాల పిల్లను బీ సెక్షన్‌కు మార్చి, సహకారం మార్కులు కోసేశారు. ఆమె తల్లిని పిలిపించి, ఇలాగే ఉంటే పిల్ల భవిష్యత్తు ఏం కావాలన్నారు. ఆ తల్లి ఇంటికెళ్లి కూతుర్ని చెడామడా తిట్టింది. పొడుగమ్మాయికి మాత్రం శిక్ష ఏమీ వేయలేదు. టీచర్ల బాత్రూం వాడుకునే గౌరవం కల్పించారు.

ఎరుపు తిరిగొచ్చింది. మునుపటికంటే ముదురుగా, మునుపటికంటే ఎక్కువ మేర వచ్చింది. అసలే లేకపోవడం కన్నా, ఇచ్చి లాక్కుంటే మెదడు ఎక్కువ వెలుగుతుందని దీంతో తేలింది. అనుకోకుండా దొరికిన ఈ రెండో సత్యమే పురస్కార కమిటీని ముగ్ధుల్ని చేసింది. విధి కూడా కృషి చేసేవారి పక్షానే ఉంటుందని నా ప్రశంసాపత్రంలో ఒక వాక్యం ఉంది, అది దీని గురించే.

ప్రదానోత్సవం విద్యాపీఠం పెద్ద హాల్లో జరిగింది. వేదిక వెనక గోడ అంతా ఆ పిల్ల మెదడు బొమ్మే, ఎరుపు మధ్యలో. పైన బంగారు అక్షరాలతో 'ఎవరినీ వదలని సమాజం వైపు'. హాల్లోకి ప్రవేశం ఆహ్వానితులకు మాత్రమే. 'ఏ' సెక్షన్, 'బీ' సెక్షన్ పిల్లల్ని ఇస్త్రీ యూనిఫాముల్లో తెచ్చి ఒక పక్క కూర్చోబెట్టారు. వాళ్ల వెనక తల్లిదండ్రులు. పొడుగమ్మాయికి ముందు వరసలో ప్రత్యేకంగా కుర్చీ వేశారు. అటు రెండూ ఇటు రెండూ ప్రముఖుల కోసం కేటాయించిన కుర్చీలు. ప్రముఖులంతా వేదిక మీదికి ఎక్కేశారు కాబట్టి అవి చివరిదాకా ఖాళీగానే ఉన్నాయి. తల్లిని కృతజ్ఞతలు చెప్పడానికి పిలిచారు గనక వేదిక పక్క మెట్ల దగ్గర కూర్చోబెట్టారు. మైకు అలవాటున్న మనిషి, తడబడదు అని ఆ సలహా ఇచ్చింది నేనే. చదవడానికి రెండు వాక్యాలు కూడా రాసిచ్చాను. మంచి వాక్యాలు.

ముఖ్య అతిథి ఎన్నో ప్రైవేటు బడుల అధిపతి. మూడేళ్ల పసివాళ్లకు కూడా ప్రవేశ పరీక్ష పెట్టిన మొట్టమొదటి విద్యావేత్త. ఆయన ప్రసంగం అందరి మనసులూ దోచుకుంది.

"వెలివేత అనేది ఎంతో దుర్మార్గం! మా బడుల్లో ఎవరినీ బయటికి పంపం. పంపిన చరిత్ర మాకు లేదు. లోపలికి రానివ్వం, అంతే! రానివాణ్ని పంపామని ఎవరనగలరు? ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ మనవాళ్లే. మన బడిలో ఉన్నంతవరకూ మనవాళ్లే. ఈ వేళ నా గుండె బరువెక్కింది. ఇలాంటి మెదడును ఇంత దగ్గరగా చూసే భాగ్యం కలిగించిన ఆచార్యులవారికి పాదాభివందనం."

తరవాత దీపాలార్పి వీడియో వేశారు. భోజనాల గది. పొడవాటి బల్ల. ఒక చివర పిల్లలందరూ మోచేతులు తగులుకునేంత ఇరుకుగా కూర్చుని తింటున్నారు. ఇంకో చివర పొడుగమ్మాయి. డబ్బా మూత తీసింది. పెట్టింది. మళ్లీ తీసింది. అటువైపు తిరిగి ఏదో అంది, అని తనే నవ్వింది. ఎవరూ తల తిప్పలేదు. డబ్బాలోంచి ఏదో తీసి అటు చాపింది. చాలాసేపు అలాగే పట్టుకుంది. చెయ్యి నొప్పెట్టి కాబోలు, రెండో చేత్తో మోచేతి కింద ఆసరా ఇచ్చుకుంది. చివరికి అది తనే తినేసింది. 'చూడండి, వెలివేత ఎంత క్రూరమో!' అని వెనకనుంచి గంభీరమైన గొంతు చదువుతోంది. రచన నాదే. హాల్లో రుమాళ్లు బయటికొచ్చాయి. బల్లకు అవతలి చివర ఇరుక్కుని తింటున్నవాళ్లు తమ పిల్లలేనన్న సంగతి ఆ చీకట్లో ఏ తల్లికీ తండ్రికీ కనబడలేదు. నేను అందర్నీ చూస్తూనే ఉన్నాను. కనబడలేదు.

దీపాలు వెలిగాయి. కృతజ్ఞతలు చెప్పాల్సిందిగా నమూనా తల్లిగారిని ఆహ్వానిస్తున్నామన్నారు. ఆమె మెట్లెక్కి మైకు ముందుకొచ్చింది. నేనిచ్చిన కాగితం చేతిలోనే మడత పెట్టి ఉంది. విప్పలేదు. బస్టాండులో రోజూ చదివే గొంతుతోనే, హెచ్చుతగ్గులు లేకుండా మాట్లాడింది.

"దయచేసి అందరూ గమనించగలరు. ఆ వీడియోలో ఒక్కతే కూర్చుని తింటున్నది మా అమ్మాయి. రోజూ ఇంటికొచ్చి, ఇవాళ ఫలానా పిల్ల నా డబ్బాలోంచి లాక్కుని తిందమ్మా, రేపు ఇంకొంచెం ఎక్కువ పెట్టు అనేది. నేను పెట్టేదాన్ని. అదంతా అబద్ధమని ఇప్పుడే తెలిసింది. కొన్నాళ్ల నుంచి ఆ అబద్ధాలు కూడా చెప్పట్లేదు. ఇంట్లో నాతో కూడా మాట్లాడట్లేదు. ఎందుకే అంటే, అలవాటైపోయిందమ్మా అంటోంది."

అక్కడ ఆగి ఆచార్యులవారివైపు తిరిగింది.

"మీకు బహుమతి వచ్చింది కదండీ. ఇక చాలు. మా అమ్మాయితో మాట్లాడమని ఈ పిల్లలకు చెప్పండి. నాకింకేమీ వద్దు."

ముఖ్య అతిథి ముందుగా తేరుకుని చప్పట్లు కొట్టారు. దాంతో హాలంతా లేచి నిలబడి కొట్టింది. ఎంత బాగా మాట్లాడింది, ఎవరు రాసిచ్చారో అని నా పక్కాయన మెచ్చుకున్నాడు. చప్పట్ల మధ్య ఆమె కదలకుండా నిలబడింది. జవాబు కోసం నిలబడిందని అర్థమవడానికి కొంచెం సమయం పట్టింది. సిగ్గు అనే పదార్థం ఆ హాల్లో ఎక్కడైనా మిగిలి ఉంటే అది బయటపడాల్సిన ఘడియ అదే. ఎక్కడా బయటపడలేదు.

ఆచార్యులవారు మాత్రం సందర్భం తెలిసిన మనిషి. మైకు అందుకున్నారు.

"తల్లి హృదయం అడిగింది, శాస్త్రం కాదంటుందా? ఈ శుభ ఘడియలో ఈ అధ్యయనం ముగిసిందని ప్రకటిస్తున్నాను. పిల్లలూ! వెళ్లండి! మీ స్నేహితురాలితో మాట్లాడండి!"

మళ్లీ చప్పట్లు. కెమెరాలన్నీ పిల్లలవైపు తిరిగాయి. పిల్లలు కదల్లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి క్లాసు ఫస్టు వచ్చే కుర్రాడు చెయ్యెత్తాడు.

"సార్, మాట్లాడితే ఎన్ని మార్కులు సార్?"

"మాట్లాడటానికి మార్కులేమిటి బాబూ!" అని నవ్వారు ఆచార్యులవారు. అందరూ నవ్వారు. కుర్రాడు కూడా నవ్వి కూర్చున్నాడు. మార్కుల్లేవని తెలిశాక ఎవరూ లేవలేదు. ఒక్క కళ్లద్దాల పిల్ల మాత్రం లేచింది. వెనక వరసలోంచి తల్లి జబ్బ పట్టుకుని కూలేసింది.

"కూర్చోవే, అందరూ చూస్తున్నారు. ఒకసారి అయింది చాలదా?"

ఆ తల్లి వీడియో చూసి అందరికంటే ఎక్కువ ఏడ్చింది. కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఆమెది రాతిగుండె అని ఎవరూ అనలేరు.

సభ ముగిశాక బయట హాల్లో తేనీటి విందు. ఆ మెదడు బొమ్మ నకలొకటి నిలువెత్తున అక్కడ కూడా పెట్టారు. దాని ముందు ఫొటోలు దిగడానికి జనం ఎగబడ్డారు. పొడుగమ్మాయి అమ్మ కోసం ఎదురుచూస్తూ ఆ బొమ్మ పక్కనే నిలబడింది. "కొంచెం పక్కకు జరుగమ్మా, ఫ్రేములో పడుతున్నావు" అంటే జరిగింది. ఇంకొకరు అంటే ఇంకొంచెం జరిగింది. అలా జరుగుతూ గోడ దాకా వెళ్లింది.

కప్పులు పట్టుకున్న తల్లిదండ్రుల మధ్య ఒక సందేహం కూడా తిరిగింది. ఆ ఎరుపు అంటుకునే రకమా? మెదడులో అంత ఎర్రగా ఉన్న పిల్లని మళ్లీ మామూలు పిల్లల మధ్య కూర్చోబెట్టడం క్షేమమేనా? పాపం, ఆ పిల్ల మంచికోసమే అడుగుతున్నాం, పరీక్షల ఏడాది కూడాను. ప్రిన్సిపాల్‌గారు అందరి మాటా విని, సోమవారం నుంచి ఆ అమ్మాయికి కిటికీ పక్క విడిగా ఒక బల్ల వేయిస్తామని, అక్కడ గాలీ వెలుతురూ బాగుంటాయని హామీ ఇచ్చారు.

ఈ సందట్లో కళ్లద్దాల పిల్ల తన తల్లి కన్నుగప్పి వచ్చింది. పొడుగమ్మాయి ముందు నిలబడింది.

"ఏయ్. అయిపోయిందంట కదే. సార్ చెప్పాడుగా. ఇక మాట్లాడుకోవచ్చు."

పొడుగమ్మాయి అటూ ఇటూ చూసింది. పైన మూలల్లో కెమెరా ఉందేమోనని కూడా చూసింది. తరవాత గోడకు ఇంకా ఆనుకుంది.

"వద్దు. వెళ్లిపో."

"ఎందుకే?"

"నీ మార్కులు పోతాయి. పోయినసారి నా వల్లే పోయాయి. వెళ్లు."

కళ్లద్దాల పిల్ల అక్కడే నిలబడింది. పొడుగమ్మాయి ఇక ఆమెను చూడలేదు. కిటికీ అద్దంలోంచి అవతలికి చూసినట్టు చూసింది. ఆ చూపు క్లాసంతా వారం రోజులు సాధన చేసి నేర్చుకున్న చూపు. ఈ పిల్లకు ఎవరూ నేర్పలేదు. నేను మిగిలిన టీ పూలకుండీలో పారబోశాను. టీ బాలేదనుకున్నాను.

ఆచార్యులవారు మాత్రం కప్పు పక్కన పెట్టేశారు. వారి కళ్లలో అలాంటి వెలుగు నేనెప్పుడూ చూడలేదు. పరిశోధక విద్యార్థిని భుజం తట్టి, "చూశావా? రాసుకో! మార్కులు ఆపేసినా ఎవరూ మాట్లాడలేదు. దగ్గరికొచ్చినా ఆ పిల్ల మాట్లాడనివ్వలేదు. ఇక మన అవసరమే లేదు. దానంతటదే నడుస్తోంది!" అన్నారు. ఆ అమ్మాయి పెన్ను తీసింది. రాయలేకపోయింది. వారే లాక్కుని రాసుకున్నారు.

తల్లి అప్పటికి జనంలోంచి దారి చేసుకుని వచ్చింది. కూతురి మాటలు విందో లేదో తెలియదు. ఏమీ అడగలేదు. చెయ్యి పట్టుకుని, "పద" అంది. ఆ పిల్ల నడిచింది. మర్నాడే తల్లి బడిలో పేరు కొట్టించి తీసుకుపోయింది. వేరే బడిలో వేసిందని విన్నాం. అక్కడ ఆ పిల్ల ఎవరితోనైనా మాట్లాడుతోందో లేదో మా దగ్గర సమాచారం లేదు. అధ్యయనం ముగిసింది కాబట్టి తెలుసుకోవలసిన అవసరమూ లేదు.

అయితే అధ్యయనం మాత్రమే ముగిసింది, సేవ ముగియలేదు. ఇంతటి విజయాన్ని ఒక్క సెక్షన్‌కే పరిమితం చెయ్యడం అన్యాయమని ముఖ్య అతిథి పట్టుబట్టారు. వచ్చే ఏడాది నుంచి వారి బడులన్నింటిలోనూ, మా బడిలోనూ, క్లాసుకొక పిల్ల చొప్పున ఈ కార్యక్రమం అమలవుతుంది. మిగతా పిల్లలందరికీ సహకారం మార్కులు ఉంటాయి, ఫైనల్లో కలుస్తాయి. ప్రకటన వెలువడిన నాడే ప్రవేశాలకు జనం బారులు తీరారు. గేటు దగ్గర బల్ల వేసి, వచ్చినవాళ్ల సందేహాలు తీర్చే పని నాకు అప్పగించారు.

ఆ వరసలో మీరు కూడా నిలబడ్డారు. ఎండలో, గొడుగు లేకుండా, పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని. మీ వంతు రాగానే అడిగిన మొదటి ప్రశ్న, చివరి ప్రశ్న ఒక్కటే.

"ఆ ఒంటరిగా కూర్చోబెట్టేది మా అమ్మాయిని కాదు కదండీ?"

"కాదండీ, వేరేవాళ్ల అమ్మాయిని" అన్నాను.

అమ్మయ్య అనుకుని మీరు సంతకం పెట్టారు.